బ్లడ్ క్యాన్సర్ ఉన్నవాళ్లకు చూపు తగ్గుతుంటే: ఇంటి నుంచి ఆస్పత్రి దాకా ఏం చేయాలి

"మా నాయనకు లింఫోమా మేడమ్. కీమో అయిపోయింది, మనిషి తేరుకున్నాడు. ఇప్పుడు సందె పడితే గడప కనపడటం లేదంటున్నాడు. కంటి డాక్టరు చూసి కన్ను బాగానే ఉందన్నారు. ఇంకేం చేయాలి?"

మాటలు అటూ ఇటూగా ఉంటాయి గానీ ఈ ప్రశ్న నన్ను మళ్లీమళ్లీ అడుగుతూనే ఉన్నారు. కావలి నుంచి, ఆత్మకూరు నుంచి, ఒంగోలు నుంచి. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పడం కన్నా ఒకచోట రాసిపెడితే మేలనిపించింది. నేను డాక్టర్ని కాదు. నెల్లూరు పొగతోటలో చాలా ఏళ్లుగా కంటి పరీక్షలు చేసే ఆప్టోమెట్రిస్టుని. ఇక్కడ రాసేది డాక్టరు చేసే పని కాదు, డాక్టరు దగ్గరికి వెళ్లేలోపు, వెళ్లాక, వచ్చాక మీరు చేయాల్సిన పని.

ముందు రెండు ముక్కల్లో విషయం. ఒంట్లో రక్షణ వ్యవస్థ క్యాన్సర్ కణాన్ని శత్రువుగా గుర్తుపట్టి దానిమీద యాంటీబాడీలు తయారుచేస్తుంది. ఆ కణంలో ఉన్న ప్రొటీన్ లాంటిదే కంటి వెనక వెలుతురును పట్టే పొర రెటీనాలోనో, కంటి నరంలోనో ఉంటే వాటిమీదా దాడి చేస్తుంది. క్యాన్సర్ కంట్లోకి పాకకుండానే చూపు పోతుంది. రెటీనాకు ఇలా జరగడాన్ని డాక్టర్లు మొదటిసారి వివరంగా రాసింది 1976లో. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఇది ఎక్కువగా కనపడుతుంది. లింఫోమా, లుకేమియా, మైలోమా లాంటి బ్లడ్ క్యాన్సర్లలో తక్కువ, కానీ ఉంది. కొందరిలో చూపు తగ్గడమే ముందు వస్తుంది, క్యాన్సర్ సంగతి ఆ తర్వాతే బయటపడుతుంది.

ఇది అరుదైన జబ్బని కూడా గుర్తుంచుకోండి. బ్లడ్ క్యాన్సర్ ఉన్న మనిషికి చూపు మసకేస్తే చాలాసార్లు కారణం వేరే ఉంటుంది: స్టెరాయిడ్ల వల్ల పెరిగిన షుగరు, శుక్లం, ప్లేట్‌లెట్లు పడిపోయి రెటీనాలో రక్తం చిమ్మడం, ఇన్ఫెక్షన్, మందుల ప్రభావం, కంటి నరంలోకే లుకేమియా కణాలు చేరడం. వీటిలోనూ కొన్ని గంటల మీద చూడాల్సినవే. ఏది ఏమిటో ఇంట్లో తేలదు. తేలే చోటికి త్వరగా, సరైన కాగితాలతో చేరడమే మీ పని.

నేను చూసినంతలో ఎక్కువమందికి ఆలస్యం జరిగేది ఒకేచోట. కంటి ఆస్పత్రిలో క్యాన్సర్ మాట చెప్పరు, క్యాన్సర్ ఆస్పత్రిలో కంటి మాట చెప్పరు. "అది అయిపోయింది కదా, ఇప్పుడెందుకు" అనుకుంటారు. నలుగురికీ తెలుస్తుందని కొందరు దాస్తారు కూడా. రెండు ఫైళ్లు ఒకే సంచిలో పెట్టుకుని, ఒకటి చూపించిన ప్రతిచోటా రెండోదీ చూపించండి. ఈ వ్యాసంలో ఇంకేదీ గుర్తుండకపోయినా ఇదొక్కటి గుర్తుంటే చాలు.

కావలసినవి

- గోడకు తగిలించే పెద్ద తెలుగు క్యాలెండర్, తేదీ పెద్దగా, తిథి వర్జ్యం చిన్నక్షరాల్లో ఉండేది
- పిల్లల లెక్కల గళ్ల నోటుపుస్తకం, నల్ల పెన్ను
- ఎర్రటి సీసా మూత ఒకటి
- ఇప్పుడు వాడుతున్న కళ్లజోళ్లు, దూరానిదీ దగ్గరదీ
- తేదీ వేసి రాసుకునే చిన్న డైరీ
- రెండు ఫైళ్లు పట్టే గట్టి సంచి
- తోడు ఒక మనిషి. ఇది తప్పనిసరి

1. ఇంట్లో చూపు చూసుకోవడం

పగలు, ఒకే గదిలో, ఒకే వెలుతురులో, రోజూ ఒకే వేళకు చేయండి. మామూలుగా వాడే కళ్లజోడు పెట్టుకోవాలి. ఒక్కో కన్నూ విడిగా చూడాలి. రెండు కళ్లూ తెరిచి చూస్తే బాగున్న కన్ను బాగాలేని కన్ను లోపాన్ని కప్పేస్తుంది. ఒక కంటి చూపు ఎప్పుడో తగ్గిపోయి, కంట్లో నలక పడి రెండోది మూసుకున్న రోజున మాత్రమే తెలిసినవాళ్లను ఎందరినో చూశాను.

కన్ను మూసేటప్పుడు వేళ్లతో మూయకండి, సందుల్లోంచి కనపడుతుంది. అరచేతిని గిన్నెలా వంచి మూయండి. కనుగుడ్డు మీద నొక్కకూడదు. నొక్కితే చెయ్యి తీశాక కాసేపు మసగ్గానే ఉంటుంది, ఆ మసక చూసి లేనిపోని టెన్షన్ పడతారు.

దూరం చూపు: క్యాలెండర్‌కు పది అడుగుల దూరంలో కుర్చీ వేసి, కుర్చీ కాళ్ల దగ్గర నేల మీద సుద్దతో గీత గీయండి. రోజూ అక్కడే కూర్చోవాలి. ఏ కంటితో ఏ సైజు అక్షరం దాకా చదవగలిగారో రాసుకోండి. నిన్న చదివిన వరుసే ఇవాళా చదివిస్తే కన్ను కాదు, జ్ఞాపకం చదువుతుంది. అందుకని తోడున్నవాళ్లు వేరే తేదీ చూపించి అడగాలి.

దగ్గర చూపు: అదే క్యాలెండర్ చిన్నక్షరాలు మూరెడు దూరంలో.

గళ్లు: నోటుపుస్తకం పేజీ మధ్యలో నల్ల చుక్క పెట్టి, మూరెడు దూరంలో పట్టుకుని చుక్కనే చూడాలి. చుట్టూ ఉన్న గీతలు వంకర పోతున్నాయా, కొన్ని గళ్లు మాయమయ్యాయా, బూడిద రంగు మచ్చ కనపడుతోందా? కనపడితే ఆ చోటును పెన్నుతో చుట్టి, ఏ కన్నో, ఏ తేదీయో అక్కడే రాయండి. ఆ పేజీ చించకుండా డాక్టరుకు చూపించండి.

ఎరుపు: సీసా మూతను ఒక కంటితో, వెంటనే రెండో కంటితో చూడాలి. ఒక కంటికి ఎర్రగా, రెండో కంటికి వెలిసిపోయిన ఇటుక రంగులో కనపడితే కంటి నరం మీద అనుమానం. చిన్న పరీక్షే, కానీ చాలా పనికొస్తుంది.

పక్క చూపు: ఎదురెదురుగా రెండున్నర అడుగుల దూరంలో కూర్చోండి. పేషెంటు ఒక కన్ను మూసుకుని మీ ముక్కునే చూడాలి. మీరు పక్కల నుంచి, పైనుంచి, కిందనుంచి వేళ్లు తెచ్చి ఎన్నో అడగాలి. దీన్ని వదిలేయకండి. ఎందుకంటే ఈ జబ్బులో ఒక్కోసారి నడిమధ్య చూపు మిగిలి, దాని చుట్టూ ఉంగరంలా చూపు పోతుంది. ఒకాయన నా గదిలో చార్టు చివరి వరుస దాకా తడుముకోకుండా చదివాడు. "బాగుంది కదా" అని కూతురు లేచింది. ఆయన లేచి రెండడుగులు వేసి, పక్కనే ఉన్న ఇనప స్టూలుకు మోకాలు కొట్టుకున్నాడు. మంచినీళ్ల గ్లాసు అందిస్తే చెయ్యి గ్లాసు పక్కకు పోయింది. ఆరోజు చార్టు చెప్పని సంగతి ఆ స్టూలు చెప్పింది.

చీకటి, వెలుతురు: ఎండలోంచి ఇంట్లోకి వచ్చాక కుర్చీ, మంచం ఆనవాలు పట్టడానికి ఎంతసేపు పడుతోంది? రోహిణి కార్తె ఎండకు ఎవరి కళ్లైనా చెదురుతాయి, మన నెల్లూరు, ఒంగోలు ఎండల్లో అది మామూలే. కానీ తోడువచ్చిన మీకు నిమిషంలో సర్దుకుని, ఆ మనిషికి ఐదు పది నిమిషాలైనా సర్దుకోకపోతే రాసుకోండి. రేచీకటి, లైటు వెలుగు భరించలేకపోవడం, కళ్లు మూసుకున్నా మెరుపులు, మిణుగురులు, సినిమా తెర మీద గింజల్లా అలజడి కనపడటం, ఇవన్నీ రెటీనా మీద దాడికి గుర్తులు. నొప్పి ఉండకపోవచ్చు. కన్ను ఎర్రబడకపోవచ్చు. అందుకే ఇంట్లోవాళ్లు నమ్మరు. ఆ మనిషి చెప్పినప్పుడు నమ్మండి.

ఈ పరీక్షలన్నీ కలిపి పది నిమిషాల పని. రోజుకు ఒక్కసారి చాలు. గంటగంటకూ చేస్తే కన్ను అలసిపోయి లెక్క తప్పుతుంది.

2. ఎంత తొందర ఉందో తేల్చుకోవడం

అదే రోజు, రాత్రయినా సరే, వెళ్లాల్సినవి:

- గంటల్లో, ఒకటి రెండు రోజుల్లో చూపు దిగిపోవడం, ఒక కన్నైనా సరే
- కంటికి తెర దించినట్టు అడ్డం రావడం, ఉన్నట్టుండి నల్ల చుక్కలు, సాలెగూడు లాంటివి గుంపుగా కనపడటం
- చూపు తగ్గడంతో పాటు తలనొప్పి, వాంతులు
- రెండుగా కనపడటం, కనురెప్ప వాలిపోవడం, మూతి వంకర
- కన్ను ఎర్రబడి నొప్పి
- కీమో మధ్యలో జ్వరంతో పాటు చూపు మారడం
- మైలోమా లాంటి జబ్బున్నవాళ్లకు మసకతో పాటు ముక్కులోంచి రక్తం, తల తిరగడం, మగతగా ఉండటం. రక్తం చిక్కబడినప్పుడు ఇలా అవుతుంది

వీటిలో ఏదున్నా డైరీ, క్యాలెండరు పక్కన పెట్టేయండి. క్యాన్సర్ డాక్టరుకు ఫోన్ చేస్తూనే దగ్గర్లోని పెద్దాస్పత్రి క్యాజువాలిటీకి వెళ్లండి. బండి లేకపోతే 108. నెల్లూరు, ఒంగోలు రెండుచోట్లా ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రులున్నాయి. లోపలికి వెళ్లగానే మొదటి మాట "చూపు మసక" అని కాదు, "బ్లడ్ క్యాన్సర్ పేషెంటు, చూపు పడిపోతోంది" అని ఉండాలి.

ఇవేవీ లేకుండా, వారాల తరబడి మెల్లగా మసక, రేచీకటి, మెరుపులు ఉంటే రెండు మూడు రోజుల్లో చూపించండి. "వచ్చే నెల చెకప్ ఉంది కదా, అప్పుడు చెబుదాం" అనే మాట మాత్రం వద్దు. ఈ జబ్బు వారాల్లో, నెలల్లో ముదురుతుంది. చచ్చిపోయిన రెటీనా కణం మళ్లీ పుట్టదు.

3. సంచి సర్దడం

క్యాన్సర్ ఫైల్లోంచి: జబ్బు పేరున్న మొదటి రిపోర్టు (బయాప్సీ లేదా బోన్‌మారో), ఏ కీమో ఎన్ని సైకిళ్లు అయ్యాయో చెప్పే డిశ్చార్జి సమ్మరీలు, చివరి పెట్ సీటీ, చివరి రక్తపరీక్షలు. మందుల చీటీ కాదు, మందుల అట్టలే తీసుకెళ్లండి. చీటీ మీద రాత చదవలేక సగం సమయం పోతుంది. కొన్ని మందులు వాటంతటవే కంటిమీద పనిచేస్తాయి. విన్‌క్రిస్టిన్ కంటి నరానికి, రెప్పల నరానికి ఇబ్బంది తేవచ్చు. ఎక్కువ మోతాదు సైటరాబిన్ కంటిపొరను మండిస్తుంది. స్టెరాయిడ్లు శుక్లం, నీటికాసులు, రెటీనా కింద నీరు తేగలవు. అందుకే ఏ మందు ఎప్పుడు మొదలైందన్నది కంటి డాక్టరుకు కావాలి.

కంటి ఫైల్లోంచి: పాత కళ్లజోడు చీటీలు కూడా పారేయకండి. ఆర్నెల్ల కిందట చూపెంతుందో వాటిలోనే తెలుస్తుంది.

ఫైలు పైన ఒక తెల్లకాగితం మీద ఈ నాలుగు వరుసలు రాయండి: జబ్బు పేరు, కనుక్కున్న నెల. చివరి కీమో తేదీ. చూపు ఎప్పటి నుంచి, ఏ కంటికి, ఎలా మారింది. షుగరు, బీపీ, హెపటైటిస్ బి, టీబీ ఉన్నాయా. ఓపీలో డాక్టరుకు మీ కోసం దొరికేది కొన్ని నిమిషాలు. ఈ కాగితం ఉంటే ఆ నిమిషాలు కథ వినడానికి కాక కన్ను చూడటానికి మిగులుతాయి.

4. బయల్దేరే ముందు క్యాన్సర్ డాక్టరుకు ఫోన్

సీబీసీ (రక్తకణాల లెక్క), షుగరు ఎప్పుడు చేయించాలో అడగండి. స్టెరాయిడ్ల మీద ఉన్నవాళ్లకు షుగరు ఎగుడుదిగుడైతే చూపు పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటుంది. అప్పుడు కొత్త కళ్లజోడు చేయించుకుంటే డబ్బు దండగ. ప్లేట్‌లెట్లు బాగా తగ్గి ఉంటే దూరప్రయాణం చేయొచ్చో లేదో కూడా వాళ్లే చెప్పాలి.

ఇక్కడొక గట్టి హెచ్చరిక. మందుల షాపులో అడిగో, పాత చీటీ చూసో స్టెరాయిడ్ మాత్రలు, చుక్కలు సొంతంగా మొదలుపెట్టకండి. లింఫోమా ఒక్కోసారి కంట్లోనే చేరి, మామూలు వాపులా నటిస్తుంది. స్టెరాయిడ్ వేస్తే కొన్నాళ్లు తగ్గినట్టే ఉంటుంది, ఆ తర్వాత పరీక్షకు ముక్క తీసినా కణాలు దొరకవు. ఇన్ఫెక్షనైతే స్టెరాయిడ్‌తో ఇంకా ముదురుతుంది. అయితే క్యాన్సర్ డాక్టరు ముందునుంచే ఇస్తున్న స్టెరాయిడ్‌ను మీ అంతట మీరు ఆపకండి. చాలా రోజులుగా వాడుతున్నదాన్ని హఠాత్తుగా ఆపడమూ ప్రమాదమే.

పెద్దవాళ్లు నందివర్ధనం పూల రసమో, తేనో, చనుబాలో కంట్లో వేద్దామంటారు. ప్రేమతోనే అంటారు, కసురుకోకండి. కానీ కీమోతో రక్షణ తగ్గిన ఒంటికి ఆ చుక్కలోని సూక్ష్మజీవి చాలు కన్ను పోగొట్టడానికి. పొన్నగంటి కూర వండిపెట్టండి, కడిగి బాగా ఉడికించి. ఈ జబ్బుకు అది మందు కాదు, తిండి. "ఇమ్యూనిటీ పెంచే" పొడులు, కషాయాలు కూడా డాక్టరును అడగకుండా వద్దు. ఇక్కడ గొడవే గురితప్పిన ఇమ్యూనిటీతో.

5. కంటి ఆస్పత్రిలో

పేషెంటు బండి నడుపుకుంటూ రాకూడదు. కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేస్తే గంటల తరబడి మసక, వెలుతురు భరించలేరు. నల్లద్దాలు తెచ్చుకోండి.

గదిలోకి వెళ్లగానే ఆ తెల్లకాగితం ఇవ్వండి. ఇచ్చాక ఇలా అడగండి: "ఇది క్యాన్సర్ వల్ల వచ్చే రెటీనా జబ్బో, కంటి నరం జబ్బో అయ్యుంటుందా సార్? మిగతా కారణాలు లేవని ఏ పరీక్షతో తెలుస్తుంది?" ఇలా అడిగితే ఏ డాక్టరూ కోప్పడరు. ఇంత అరుదైనదాన్ని గుర్తుచేసినందుకు సంతోషించినవాళ్లను చూశాను.

మామూలుగా జరిగేవి: చూపు, రంగుల పరీక్ష, కంటిపాప వెలుతురుకు ఎలా ముడుచుకుంటోందో చూడటం, రెటీనా పరీక్ష, రెటీనా పొరలను చూపించే ఓసీటీ స్కాన్, పక్క చూపు కొలిచే ఫీల్డు టెస్టు.

ఫీల్డు టెస్టు గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే రోజూ నేను చేసే పని ఇదే, ఎక్కువ తప్పులు జరిగేదీ ఇక్కడే. గిన్నెలాంటి తెల్లటి మిషన్లో గడ్డం ఆనించి, నడిమధ్య లైటునే చూస్తూ, పక్కల ఎక్కడ చిన్న వెలుగు మెరిసినా చేతిలో బటన్ నొక్కాలి. వెలుగును వెతుక్కుంటూ కన్ను తిప్పితే పరీక్ష చెడిపోతుంది. "నొక్కకపోతే ఫెయిలవుతాను" అనుకుని కనపడకపోయినా నొక్కేవాళ్లున్నారు. మొన్నొక పెద్దావిడ చీర కొంగుతో చెమట తుడుచుకుంటూ, గుక్క తిప్పుకోకుండా నొక్కుతూనే ఉంది. ఆపి అడిగితే, "తక్కువొస్తే మా అబ్బాయి బాధపడతాడు మేడమ్" అంది. నీళ్లిచ్చి, కాసేపు కూర్చోబెట్టి, మళ్లీ మొదటి నుంచి చేశాం. కొన్ని వెలుగులు ఎవరికీ కనపడనంత సన్నగానే ఉంటాయి. కనపడనిది వదిలేయడమే సరైన జవాబు. అలిసిపోతే చెప్పండి, మధ్యలో ఆపొచ్చు. మొదటిసారి చేసిన ఫీల్డు టెస్టు చాలామందికి సరిగా రాదు. రిపోర్టు మీద నమ్మదగినదా కాదా అని ఉంటుంది. కాదని ఉంటే ఇంకో రోజు పొద్దున, తిని వచ్చి, మళ్లీ చేయించమని అడగండి.

6. "కన్ను బాగానే ఉంది" అంటే

ఆ మాటతో ఇంటికి వచ్చేయకండి. ఈ జబ్బు మొదట్లో రెటీనా చూడటానికి మామూలుగానే ఉండొచ్చు. డాక్టరు చెప్పింది తప్పు కాదు. లైటు వేసి చూస్తే తీగ బాగానే ఉంది, కరెంటు వస్తోందో లేదో ఇంకా చూడలేదు. ఆ కరెంటు చూసే పరీక్షే ఈఆర్‌జీ. రెటీనాలో వెలుతురు సోకినప్పుడు పుట్టే విద్యుత్తును కొలుస్తుంది. కొలవడానికి ముందు కనీసం 20 నిమిషాలు చీకట్లో కూర్చోబెడతారు. కంటి ముందో, కింది రెప్ప దగ్గరో సన్నని తీగ పెడతారు. నొప్పి ఉండదు, చిరాగ్గా ఉంటుంది. రోగి ఇచ్చే జవాబుల మీద ఆధారపడని పరీక్ష కాబట్టి దీనికి విలువ ఎక్కువ. కంటి నరం మీద అనుమానమైతే, కంటి నుంచి మెదడుకు సంకేతం ఎలా చేరుతోందో చూసే వీఈపీ అనే ఇంకో పరీక్ష, ఎమ్మారై చెబుతారు.

ఈఆర్‌జీ అన్ని కంటి ఆస్పత్రుల్లో ఉండదు. నెల్లూరు నుంచైతే చాలామంది చెన్నై శంకర నేత్రాలయకు వెళ్తారు, రైల్లో మూడు గంటలు అటూ ఇటూ. ఒంగోలు నుంచి పినాకిని ఎక్కితే ఒక్క బండిలో చెన్నై చేరొచ్చు. హైదరాబాద్‌లో చుట్టాలుంటే ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి. వాళ్లకు విజయవాడలోనూ కేంద్రం ఉంది, తిరుపతిలో అరవింద్ కంటి ఆస్పత్రి ఉంది. ఎక్కడికైనా బయల్దేరే ముందు ఫోన్ చేసి, "ఈఆర్‌జీ ఏ రోజుల్లో చేస్తారు, ముందు అపాయింట్‌మెంట్ కావాలా" అని అడిగి తేదీ తీసుకోండి. పరీక్ష లేని రోజున వెళ్లి, లాడ్జిలో ఉండలేక తిరిగొచ్చేసినవాళ్లున్నారు.

డబ్బు సంగతి. క్యాన్సర్ చికిత్స ఎన్టీఆర్ వైద్య సేవలో జరుగుతున్నా (మనం ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అనే అంటాం), ఈ కంటి పరీక్షలకు అది వర్తిస్తుందో లేదో ముందే ఆరోగ్యమిత్రను అడగండి, లేదా 104కు ఫోన్ చేయండి. వర్తించకపోతే చేతిడబ్బులు సిద్ధం చేసుకోవచ్చు.

7. మళ్లీ క్యాన్సర్ డాక్టరు దగ్గరికి

కంటి రిపోర్టు రాగానే కాపీ వెళ్లాలి. వాట్సాప్‌లో ఫొటో పంపి ఊరుకోకండి, మనిషి వెళ్లాలి. అక్కడ మూడు ప్రశ్నలు తేలాలి. క్యాన్సర్ తిరగబెట్టిందా? మెదడు, వెన్నునీటిలోకి, కంటి నరంలోకి చేరిందా? రెండూ కాకపోతే ఇది ఇమ్యూనిటీ దాడేనా? దానికోసం పెట్ సీటీ, ఎమ్మారై, వెన్నునీటి పరీక్ష చెప్పొచ్చు. వెన్నులో సూది అనగానే కాళ్లు పడిపోతాయని భయపడి చాలామంది వద్దంటారు. నడుం కింది భాగంలో, వెన్నుపాము ముగిసిన చోటికి దిగువన గుచ్చుతారు. ఆ తర్వాత తలనొప్పి రావచ్చు, పడుకుంటే తగ్గుతుంది. ప్లేట్‌లెట్లు చూసుకునే చేస్తారు.

యాంటీబాడీల రక్తపరీక్ష కూడా రాయొచ్చు. పారానియోప్లాస్టిక్ ప్యానెల్ అంటారు. అందులో రికవరిన్ ఉందో లేదో ల్యాబులో అడగండి, రెటీనాకు సంబంధించి బాగా తెలిసిన యాంటీబాడీ అదే. ఫలితాన్ని మాత్రం మీరే తీర్పు చేసుకోకండి. జబ్బున్నా నెగెటివ్ రావచ్చు. ఏ జబ్బూ లేనివాళ్లలోనూ రెటీనా యాంటీబాడీలు కనపడుతుంటాయి.

బోన్‌మారో మార్పిడి అయినవాళ్లకు వేరే రకం ఇమ్యూనిటీ గొడవ ఉంటుంది. దాత కణాలు మీ కన్నీటి గ్రంథుల మీద దాడి చేస్తాయి. కంట్లో ఇసుక పడ్డట్టు, మంట, పొద్దున రెప్పలు అంటుకుపోవడం, రెప్పలార్పితే కాసేపు చూపు తేటపడటం దీని గుర్తులు. దీన్ని మామూలు ఎండుకళ్లని వదిలేస్తే నల్లగుడ్డు పుండు పడుతుంది. వీళ్లు ట్రాన్స్‌ప్లాంట్ చేసిన డాక్టరుకు తప్పక చెప్పాలి.

8. చికిత్స మొదలయ్యాక మీరు చూసుకోవాల్సినవి

మొదటి పని క్యాన్సర్‌నే అదుపు చేయడం. దానితో పాటు రోజుకు గ్రాము చొప్పున కొన్ని రోజులు స్టెరాయిడ్ సెలైన్లు, ఐవీఐజీ అనే యాంటీబాడీ సెలైన్లు, రక్తంలోని ప్లాస్మాను మార్చడం, యాంటీబాడీలు తయారయ్యే దారిలోని కణాలను తగ్గించే మందు రిటుక్సిమాబ్, వీటిలో ఏది కావాలో ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకుని తేలుస్తారు. ఇద్దరూ మాట్లాడుకున్నారా అని మీరు అడగాలి. ఒకరి ఫోన్ నంబరు ఇంకొకరికి ఇవ్వండి.

స్టెరాయిడ్ రోజుల్లో షుగరు రోజూ చూడాలి, ఇంతకుముందు షుగరు లేనివాళ్లకు కూడా. రిటుక్సిమాబ్ ముందు హెపటైటిస్ బి పరీక్ష జరిగిందో లేదో చూసుకోండి. దాగి ఉన్న ఆ వైరస్ ఈ మందుతో లేవొచ్చు. ఐవీఐజీ ఎక్కేటప్పుడు నీళ్లు ఎన్ని తాగొచ్చో అడగండి. మైలోమాలో కిడ్నీలు ముందే బలహీనంగా ఉంటాయి కాబట్టి ఈ ప్రశ్న వాళ్లకు మరీ ముఖ్యం. అందరిలో వచ్చే తప్పు ఒకటుంది: రెండు వారాలకు మెరుపులు తగ్గగానే మాత్రలు మానేయడం.

9. పనిచేస్తోందా లేదా, ఎలా తెలుస్తుంది

"పోయిన చూపు తిరిగొస్తుందా?" ఈ ప్రశ్నను కొంగు చాటున కన్నీళ్లు దాచుకుంటూ అడిగే భార్యలకు కూడా నేను అబద్ధం చెప్పలేదు. కొందరికి కొంత వస్తుంది, ముఖ్యంగా త్వరగా మొదలుపెట్టినవాళ్లకు. చాలామందిలో పోయింది పోయినట్టే, మిగిలింది నిలబెట్టుకోవడమే చికిత్స లక్ష్యం. అందుకని "బాగుపడలేదు" అని మధ్యలో మానేయకండి. మూడు నెలల కిందటి ఫీల్డు, ఇప్పటి ఫీల్డు ఒకేలా ఉంటే అది గెలుపే.

ఫీల్డు, ఓసీటీ డాక్టరు చెప్పిన గడువుకు, కుదిరితే అదే ఆస్పత్రిలో, అదే మిషన్ మీద చేయించండి. మిషన్ మారితే అంకెలు పోల్చడం కుదరదు. ప్రింట్లు తీసుకుని తేదీల వరుసలో ఫైల్లో పెట్టండి.

ఇంట్లో మెట్ల అంచులకు తెల్ల పెయింటు పట్టీ వేయండి. గడపకు పసుపు రాసేది ఎలాగూ ఉంది, ఈ ఇంట్లో అది రోజూ రాయండి, బాగా కనపడుతుంది. మంచానికీ బాత్రూముకీ మధ్య రాత్రంతా చిన్న లైటు వెలగనివ్వండి. స్టీలు పళ్లెంలో తెల్లన్నం కనపడటం లేదంటే ముదురు రంగు పళ్లెం పెట్టండి. సామాన్లు పెట్టే చోట్లు మార్చకండి. బండి తాళాలు అడగకుండా లాక్కోకండి, డాక్టరు చేత చెప్పించండి.

చూపు బాగా తగ్గి నిలిచిపోతే, వైకల్యం ఎంత శాతమో తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకు సచివాలయంలోనో, మీసేవలోనో స్లాట్ బుక్ చేయండి. 40 శాతం, ఆపైన తేలితే సర్టిఫికెట్ వస్తుంది, పింఛనుకు దరఖాస్తు చేయొచ్చు. అక్కడికీ రెండు ఫైళ్లూ తీసుకెళ్లాలి, ఫీల్డు ప్రింట్లు పైన పెట్టి. అక్షరాలు చదవగలిగి పక్క చూపు పోయినవాళ్లకు ఆ ప్రింట్లే సాక్ష్యం.

చివరగా క్యాలెండర్ సంగతి. జనవరిలో కిరాణా కొట్టువాళ్లు కొత్తది ఇవ్వగానే పాతది తీసేయకండి. అక్షరాల సైజు మారితే ఇన్ని నెలలు రాసుకున్న లెక్కకు పొంతన ఉండదు. కొత్తదాన్ని పక్క మేకుకు తగిలించి పండగలు అందులో చూసుకోండి, పరీక్షకు మాత్రం సుద్దగీత మీద కూర్చుని పాతదాన్నే చదివించండి.